ఆ 15 వేలు ఎటు పోయినట్టు?

ఈ వారం ఉత్తరం ఖమ్మం వైపు నుంచి వచ్చింది, పేరు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఆవిడకి 41 ఏళ్ళు, గవర్నమెంట్ స్కూల్లో టీచరు, ఇద్దరు పిల్లలు. పోయిన వేసవి సెలవుల్లో వాళ్ళూ, ఆవిడ ఆడపడుచు కుటుంబమూ కలిసి థాయ్‌లాండ్ వెళ్ళొచ్చారు. అక్కడ ఖర్చంతా ఆడపడుచు భర్త పెట్టారు, ఆవిడ ఆయన్ని అన్నయ్య అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తా. ఇంటికొచ్చాక అన్నయ్యగారు ఒక కాగితం మీద లెక్క రాసి పంపారు, రెండు ఇళ్ళకీ కలిపి 1,20,000 బాత్ (అక్కడి డబ్బు) అయ్యింది, మీ సగం 60,000 బాత్, బాత్‌కి 2.85 చొప్పున 1,71,000 రూపాయలు అని. ఈవిడ గూగుల్లో చూస్తే ఆ రోజుల్లో బాత్ 2.60 ఉంది, ఆ లెక్కన 1,56,000 అవ్వాలి. మిగతా 15 వేలు ఆయన జేబులోకి వెళ్ళాయని ఈవిడ అనుమానం. భర్తకి చెబితే "మా అక్కా బావల దగ్గర లెక్కలేంటే" అన్నారట. నెలన్నర తర్వాత 1,71,000 ఇచ్చేశారు గానీ ఈవిడ మనసులో అది అలాగే ఉండిపోయింది, చెల్లెలికి ఫోన్ చేసి "15 వేలు తిన్నాడు" అని కూడా చెప్పారట.

ఇప్పుడు సంక్రాంతి సెలవులకి మళ్ళీ రెండు కుటుంబాలూ వియత్నాం వెళ్తున్నాయి, ప్యాకేజీ అన్నయ్యగారి పేరు మీదే బుక్ అయ్యింది, ఈసారి కూడా "డబ్బంతా నేనే చూసుకుంటా, చివర్లో ఇచ్చేద్దురు" అన్నారు. ఈవిడ దగ్గర చీటీ పాడిన డబ్బు 80,000 క్యాష్‌గా ఉంది. ఆ పాత 15 వేలు అడగాలా వద్దా, ఈ 80,000 రూపాయల్లోనే పట్టుకెళ్ళి అక్కడ మార్చుకోవచ్చా, అసలు వెళ్ళడం మానేయనా అని అడిగారు. ఇంకో మాట రాశారు, నాకు ఉత్తరం మొత్తంలో అదే గుచ్చుకుంది. పట్టాయాలో బీచ్ దగ్గర చిన్నబాబు కొబ్బరి బోండాం కావాలని ఏడిస్తే తన దగ్గర ఒక్క బాత్ కూడా లేదు, ఏటీఎం కార్డు కూడా భర్త పర్సులోనే ఉంటుంది, ఆయనేమో హోటల్లో పడుకున్నారు, వదినని అడిగి 60 బాత్ తీసుకున్నారు, ఆ 60 బాత్ కూడా చివరి లెక్క కాగితంలో ఉందట.

అమ్మా, ముందు ఆ 15 వేల సంగతి తేల్చుకుందాం, అది తేలకుండా వియత్నాం గురించి ఏం చెప్పినా మీకు ఎక్కదు. నేను చాలా ఏళ్ళు బ్యాంకులో ఫారెక్స్ కౌంటర్లో, అంటే విదేశీ డబ్బు మార్చే చోట, కూర్చున్నదాన్ని, మీరు పంపిన కాగితం ఫొటోలూ హోటల్ స్లిప్ ఫొటో చూస్తూ రెండు సాయంత్రాలు లెక్క వేశా.

గూగుల్లో కనిపించే 2.60 అనేది బ్యాంకులూ బ్యాంకులూ పెద్ద మొత్తాల్లో కొనుక్కునే రేటుకీ అమ్ముకునే రేటుకీ మధ్యలో ఉండే అంకె, ఆ రేటుకి మీకూ నాకూ అన్నయ్యగారికీ ఎవ్వరికీ ఎక్కడా బాత్ దొరకదు. కూరగాయల మార్కెట్‌లో హోల్‌సేల్ రేటు పేపర్లో చూసి వీధి చివర బండి దగ్గర అదే ఇమ్మంటే ఇస్తారా, ఇదీ అంతే. కాబట్టి ఎంత రేటు పడిందో తెలియాలంటే ఆయన ఎలా కట్టారో చూడాలి. మీ కాగితం ప్రకారం 40,000 బాత్ క్యాష్, అది శంషాబాద్ ఎయిర్‌పోర్టులో 2.85కి కొన్నారు, అంటే 1,14,000. ఎయిర్‌పోర్టు కౌంటర్లో రేటు ఎప్పుడూ భారంగానే ఉంటుంది, ఫ్లైట్ ఎక్కబోయేవాడు ఇంకెక్కడికి పోతాడు. మిగతా 80,000 కార్డు మీద. అందులో హోటల్ 50,000, ఆ స్లిప్ చూడండి, బాత్ పక్కనే రూపాయల్లో 1,37,500 అని అచ్చయి ఉంది, అంటే 2.75. మిగిలిన 30,000 బాత్ మామూలుగా కార్డు గీకారు, కార్డు మీద విదేశీ ఖర్చుకి బ్యాంకు అదనంగా వేసుకునే మార్కప్ 3.5 శాతం, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ, కలిపితే 4.13 శాతం, చాలా కార్డులకి ఇంతే ఉంటుంది, ఆ లెక్కన బాత్ సుమారు 2.71 పడుతుంది, 81,200 అనుకోండి. మొత్తం కూడితే 3,32,700, సగం 1,66,350.

అంటే మీరు ఇచ్చిన దానికీ అసలు ఖర్చుకీ తేడా దాదాపు 4,650 రూపాయలు. మిగతా 10,350 ఎవరూ తినలేదు, ఎయిర్‌పోర్టు కౌంటరూ హోటల్ మెషినూ కార్డు బ్యాంకూ పంచుకున్నాయి, అన్నయ్యగారి సగంలోనూ సరిగ్గా అంతే పోయింది. ఆ 4,650 కూడా ఎలా వచ్చిందంటే ఆయన అన్నింటికీ ఎయిర్‌పోర్టు రేటే పెట్టేశారు. కావాలని పెట్టారో, ఆయనకి గుర్తున్న రేటు అదొక్కటే కాబట్టి పెట్టారో నేను చెప్పలేను. కానీ ఇంకోటి కూడా ఆలోచించండి, మీరు నెలన్నర తర్వాత ఇచ్చారు, ఈలోపు కార్డు బిల్లు ఆయనే కట్టి ఉంటారు, లక్షా అరవై వేలు ఊరికే మీ కోసం తిప్పారు. హోటల్ బిల్లు మీద ఆయన బ్యాంకు విడిగా ఇంకేమైనా ఛార్జీ వేసిందేమో కూడా స్టేట్‌మెంట్ చూస్తే గానీ తెలీదు, రూపాయల్లో కొట్టిన విదేశీ బిల్లు మీద కూడా కొన్ని బ్యాంకులు ఛార్జీ వేస్తాయి.

అందుకే మీ చెల్లెలితో అన్న మాట ముందు సరిచెయ్యండి. ఈ మాటలు పెళ్ళిళ్ళలో పేరంటాల్లో చేతులు మారతాయి, ఏదో ఒకరోజు వదినగారి చెవిన పడితే అప్పుడు 4,650 కాదు, మీ ఇంటికి రాకపోకలే పోతాయి. ఒక ఫోన్ కాల్, "లెక్క చూసుకున్నానే, నేను అనుకున్నంత లేదు" అంటే చాలు.

ఇక ఆ 4,650 అడగాలా అంటే, అడగొచ్చు, మీ డబ్బే కదా. మీ ఆయన వెళ్ళి "బావా, ఒకసారి కార్డు స్టేట్‌మెంట్ చూపిస్తావా" అంటే నాలుగు వేలు రావచ్చు, కానీ ఏడు నెలల తర్వాత అడిగారంటే ఇన్నాళ్ళూ అనుమానిస్తూ ఉన్నారన్నమాట అని ఆయనకి తగులుతుంది. అడక్కుండా వదిలేయొచ్చు, అయితే నిజంగా వదిలేయాలి, వియత్నాంలో ప్రతి బిల్లు దగ్గరా అది గుర్తొచ్చి మొహం మాడ్చుకునేటట్టయితే అది వదిలేసినట్టు కాదు. లేదా పాతది ఎత్తకుండా ఈసారి పద్ధతి మార్చమని అడగొచ్చు, మీ ఉత్తరం చదివాక నాకైతే ఇదే మేలనిపిస్తోంది, కానీ మీ ఆడపడుచు స్వభావం మీకు తెలిసినంత నాకు తెలీదు, చూసుకోండి.

పద్ధతి అంటే ఏంటో చెప్తా. ఒకటి, ఆయనే అంతా కట్టడం, కానీ బయల్దేరే ముందే మాట అనుకోవాలి, క్యాష్ ఏ రేటుకి కొంటే ఆ రసీదు రేటు, కార్డు అయితే స్టేట్‌మెంట్‌లో పడిన రూపాయలు, అంతే, మధ్యలో ఎవరి లెక్కా ఉండదు. దీనికి గొడవ తక్కువ, కానీ ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయం ఆయన చేతిలోనే ఉంటుంది, ఆయన పెద్ద హోటల్లో డిన్నర్ అంటే మీరు కాదనలేరు. రెండోది ఉమ్మడి పర్సు, ఇద్దరూ మొదటిరోజే సమానంగా డాలర్లు వేసి వాటిని వియత్నాం డబ్బు డాంగ్‌లోకి మార్చి, టాక్సీలూ టికెట్లూ భోజనాలూ అందులోంచే, అయిపోతే మళ్ళీ సమానంగా. ఇందులో మారకం రేటు గొడవే రాదు ఎందుకంటే ఒకే చోట ఒకేసారి మారుస్తారు. అయితే ఆ పర్సు మీ దగ్గర ఉంటే రోజూ రాత్రి పది నిమిషాలు కూర్చుని రాయాలి, అది మీరు చెయ్యగలరు, ఏళ్ళ తరబడి పిల్లల మార్కులు కూడినవాళ్ళు. ఇక ఎవరిది వాళ్ళు పెట్టుకోవడం మూడోది, అన్నిటికన్నా శుభ్రం, కానీ ఎనిమిది మంది ఒకే వ్యాన్లో తిరుగుతూ ప్రతి చోటా బిల్లు రెండుగా చీల్చమనడం, పెద్దవాళ్ళకి అది వేరు పడ్డట్టు అనిపించొచ్చు.

ఏది ఎంచుకున్నా షాపింగూ పిల్లల చిరుతిళ్ళూ మీ సొంత డబ్బుతోనే జరగాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, ఆ 60 బాత్ రోజు మళ్ళీ రాకూడదు.

ప్యాకేజీ గురించి ఒక విషయం, చాలామందికి తట్టదు. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే ఏజెంటు టీసీఎస్ అని కొంత పన్ను వసూలు చేసి ఎవరి పాన్ ఇస్తే వాళ్ళ పేరు మీద కడతాడు. ఎంత శాతం అనేది బడ్జెట్లలో మారుతూ వస్తోంది కాబట్టి మీ బిల్లులో చూడండి. ఆ డబ్బు ఖర్చు కాదు, పాన్ ఎవరిదో వాళ్ళకి 26ఏఎస్‌లో, అంటే ఆదాయపు పన్ను శాఖ చూపించే పన్ను లెక్కల కాగితంలో, కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. మీ ప్యాకేజీ మొత్తం అన్నయ్యగారి పాన్ మీద ఉంది, కాబట్టి బిల్లు సగం చేసేటప్పుడు టీసీఎస్ లైన్ తీసేసి సగం చెయ్యాలి, లేకపోతే మీ వాటా పన్ను ఆయన రిటర్న్‌లోకి వెళ్ళిపోతుంది, పాపం ఆయనకీ తెలియకుండానే. వీలైతే ఏజెంటుని రెండు బిల్లులు చెయ్యమనండి, మీ నలుగురిదీ మీ పాన్ మీద.

ఇప్పుడు మీ 80,000. రూపాయల్లో పట్టుకెళ్ళొద్దు. ఒక మనిషి దేశం బయటికి 25,000 రూపాయల వరకే నోట్లు తీసుకెళ్ళొచ్చు, పైగా సింగపూర్‌లో ముస్తఫా సెంటర్ చుట్టుపక్కల అయితే రూపాయి నోటుకి మంచి రేటే ఇస్తారు గానీ వియత్నాంలో రూపాయి నోటు పట్టుకుని తిరిగితే తీసుకునేవాడు దొరకడం కష్టం, దొరికినా బాగా కోసేస్తాడు. ఇక్కడ డాలర్లు కొని అక్కడ డాంగ్ మార్చుకోవాలి. ఇక్కడ ఆర్‌బీఐ లైసెన్స్ ఉన్న చోట కొనండి, బ్యాంకు గానీ ఫారెక్స్ షాపు గానీ, పాస్‌పోర్టూ పాన్ కార్డూ టికెట్టూ అడుగుతారు. 50,000 దాటిన కొనుగోలుకి రూపాయలు క్యాష్‌గా తీసుకోకూడదు, అందుకని మీ చీటీ డబ్బు ఈ వారమే మీ ఖాతాలో వేసి అక్కడి నుంచి ట్రాన్స్‌ఫర్ చెయ్యండి. నోట్ల రూపంలో ఒక ట్రిప్పుకి 3,000 డాలర్ల వరకు ఇస్తారు, మీకు అంత అవసరం లేదు. డాలర్ 90 రూపాయల దగ్గర అనుకుంటే 80,000కి 880 డాలర్ల చిల్లర, జీఎస్టీ చాలా కొంచెం, మొత్తంలో ఒక శాతాన్ని విలువగా తీసుకుని దానిమీద 18 శాతం, అంటే 800 మీద 144 రూపాయలు, దీనికి భయపడి బిల్లు లేకుండా కొనకండి, నకిలీ నోటు వస్తే అడగడానికి కాగితం ఉండదు.

షాపు బయట "జీరో కమీషన్" అని బోర్డు ఉంటుంది, నా కౌంటర్ అనుభవంతో చెప్తున్నా, కమీషన్ రేటులోనే ఉంటుంది. మీరు అడగాల్సింది ఒకటే, "అన్నీ కలుపుకుని 80,000 ఇస్తే నా చేతికి ఎన్ని డాలర్లు వస్తాయి". ముగ్గురిని ఫోన్లోనే అడగండి, తేడా మీకే తెలుస్తుంది. తీసుకునేటప్పుడు ఎక్కువ భాగం 100 డాలర్ల నోట్లు అడగండి, కొత్తవి, మడత లేనివి, పెన్ను గీతలూ స్టాంపు మరకలూ లేనివి, మార్చే చోట చాలామంది నోటుని లైటుకి పెట్టి చూసి చిన్న చిరుగు ఉన్నా తిప్పి ఇచ్చేస్తారు, చిన్న నోట్లకి రేటు కూడా తగ్గిస్తారు. నేనైతే పాస్‌బుక్ కవర్లో పెట్టి పట్టుకెళ్తా, పర్సులో మడవను.

మొత్తం డాలర్లే కొనక్కర్లేదు. సగం నోట్లు, సగం మీ ఖాతాలోనే ఉంచి కార్డు. మీ జీతం ఖాతా డెబిట్ కార్డు మీ ఆయన పర్సులోంచి మీ చేతికి రావాలి, ముందు అది. తర్వాత బ్యాంకుకి వెళ్ళి అది ఇంటర్నేషనల్ కార్డేనా, విదేశీ మార్కప్ ఎంత అని అడగండి, మార్కప్ లేని కార్డులు కూడా వస్తున్నాయి, నెల టైముంది కాబట్టి ఒకటి తీసుకోవచ్చు. 2020 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ రూల్ ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడకానికే ఆన్ చేసి ఇస్తారు, విదేశీ వాడకం యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి, లిమిట్ కూడా మీరే పెట్టుకోవచ్చు, రోజుకి 15 వేలు అని పెట్టేస్తే పోయినా అంతే పోతుంది. ముందే విదేశీ డబ్బు వేసుకునే ఫారెక్స్ కార్డు గురించి ఎవరైనా చెబితే ఇది చూసుకోండి, చాలా కార్డుల్లో డాంగ్ ఉండదు, డాలర్లు వేసుకుని డాంగ్‌లో ఖర్చు పెడితే మళ్ళీ మారకం ఛార్జీ పడుతుంది. యూపీఐ సింగపూర్, దుబాయ్, శ్రీలంక, నేపాల్ లాంటి చోట్ల కొన్ని షాపుల్లో నడుస్తోంది గానీ దాన్ని నమ్ముకుని వియత్నాం ఫ్లైట్ ఎక్కకండి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు మాత్రం తియ్యొద్దు, ఫీజు వేరు, వడ్డీ ఆ రోజు నుంచే. మీ ఇండియా సిమ్ ఫోన్లోంచి తీసెయ్యకండి, ఓటీపీలు దానికే వస్తాయి.

ఇక ఆ హోటల్ స్లిప్‌లో జరిగింది మీకు జరగకుండా. కార్డు పెట్టాక మెషిన్ అడుగుతుంది, మీ దేశపు డబ్బులో కట్టాలా, ఇక్కడి డబ్బులోనా అని. నాకు సింగపూర్‌లో ఒక షాపులో ఇదే జరిగింది, స్క్రీన్ మీద పైన రూపాయలు పెద్ద అక్షరాల్లో, కింద సింగపూర్ డాలర్లు చిన్నగా, నేను కళ్ళజోడు తీసేలోపే అమ్మాయి రూపాయలు నొక్కేసింది, "మీకు సులువని నొక్కా" అంది. ఆ పిల్ల తప్పు కాదు, ఆమెకి అలాగే నేర్పి ఉంటారు. రూపాయలు ఒప్పుకుంటే రేటు ఆ మెషిన్ వాళ్ళది, నాకు ఐదు శాతం పైనే పోయింది. అప్పటినుంచి కార్డు ఇచ్చే ముందే "డాంగ్, నో రుపీ" లాంటి రెండు ముక్కలు చెప్పి మెషిన్ నా వైపు తిప్పమంటా. ఏటీఎంలో కూడా ఇదే, "వితౌట్ కన్వర్షన్" నొక్కాలి, నొక్కితే లావాదేవీ ఆగిపోతుందేమో అన్నట్టు భయపెడుతుంది స్క్రీను, ఆగదు, డబ్బు వస్తుంది.

డాంగ్‌లో సున్నాలు చాలా, లక్ష డాంగ్ అంటే మన డబ్బులో 340 రూపాయల చుట్టుపక్కల, బయల్దేరే రోజు రేటు చూసి ఒక చిన్న కాగితం మీద పిల్లలకి కూడా రాసివ్వండి. నోట్ల మీద అన్నిటికీ హో చి మిన్ బొమ్మే. 2 లక్షల నోటు తిప్పి చూస్తే వెనక హా లాంగ్ సముద్రంలో రాళ్ళ కొండలుంటాయి, మీరు పడవెక్కేది అక్కడే కదా, పిల్లలకి సరదాగా ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది నీలం నోట్లతో, 20 వేల నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే. ఒకటి 70 రూపాయలు కూడా చెయ్యదు, ఇంకోటి 1,700. రాత్రిపూట టాక్సీ దిగేటప్పుడు తొందరలో ఇచ్చేస్తే అంతే సంగతులు, అందుకని 5 లక్షలవి వేరే అరలో పెట్టుకోండి. మిగిలిన డాంగ్ అక్కడే మార్చేసి రండి, ఇక్కడ తీసుకునేవాళ్ళు అరుదు. మిగిలిన డాలర్లు 2,000 వరకు ఇంట్లో ఉంచుకోవచ్చు, ఆ పైన ఉంటే 180 రోజుల్లో బ్యాంకులో ఇచ్చెయ్యాలి. కార్డు పోతే గానీ తెలియని ఖర్చు మెసేజ్ వస్తే గానీ వెంటనే బ్లాక్ చేసి బ్యాంకుకి చెప్పండి, మీ తప్పు లేని మోసం మూడు పనిదినాల్లో చెబితే భారం మీ మీద పడదు.

వెళ్ళడం మానేయనా అన్నారు. మానేస్తే ప్యాకేజీలో కట్టింది కొంత పోతుంది, వదినగారికి కారణం చెప్పాల్సొస్తుంది, అబద్ధమే చెప్తారు, పిల్లలు అడుగుతూనే ఉంటారు. అయినా మీకు ఆ ఎనిమిది రోజులు ఊపిరాడదు అనిపిస్తే మానేయడం తప్పేం కాదు. నాకు మాత్రం మీ బాధ అన్నయ్యగారితో ఉన్నదానికంటే మీ ఇంట్లో ఎక్కువ ఉందనిపించింది, నెల నెలా జీతం తెచ్చే మనిషి బిడ్డకి బోండాం కొనడానికి చెయ్యి చాపాల్సి రావడం. ఆ మాట మీ ఆయనకి ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరంలో 15 వేల గురించి చెప్పానని రాశారు, దీని గురించి రాయలేదు. రేటు గురించి మొదలుపెడితే ఆయన అక్కని కాపాడుకోవడానికి చూస్తారు, బోండాం గురించి చెబితే మిమ్మల్ని చూస్తారు. పిల్లలు పడుకున్నాక, "ఏమండీ, ఆ రోజు పట్టాయాలో బాబు ఏడుస్తుంటే నా దగ్గర డబ్బుల్లేవు, ఈసారి నా కార్డు నా దగ్గర ఉంచుకుంటా" అని చెప్పండి. దానికి ఆయన సరే అన్నాకే ఉమ్మడి పర్సు సంగతి ఎత్తండి, అన్నయ్యగారితో ఆయన్నే మాట్లాడమనండి, "బావా, పోయినసారి అంతా నీ మీదే పడింది, ఈసారి లెక్క మా ఆవిడ రాస్తుంది" అంటే ఆయనకి భారం తగ్గించినట్టు ఉంటుంది గానీ వేలెత్తి చూపినట్టు ఉండదు.

ఆ హోటల్ స్లిప్ ఫొటో ఫోన్లోంచి తీసెయ్యకండి, అన్నయ్యగారికి తప్పు చూపించడానికి కాదు, వియత్నాంలో మొదటి బిల్లు కట్టే ముందు ఇద్దరు మగవాళ్ళకీ చూపించి ఈ రూపాయల మీట నొక్కొద్దని చెప్పడానికి.